తక్కువ తిరిగిన బండి

సెకండ్‌హ్యాండ్ బండ్ల ప్రకటనల్లో నన్ను కంగారుపెట్టే మాట ఒకటుంది: "చాలా తక్కువ తిరిగింది." దాని వెనకే మిగతావి వస్తాయి. సింగిల్ ఓనర్, ఎప్పుడూ షెడ్డులోనే ఉంది, ఎండా వానా తగల్లేదు. ఐదారేళ్ల కారుకైతే ఈ మాటలకి విలువుంది, కాదనను. యాభై ఏళ్ల బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం అవి విని ధర తగ్గించి అడగాలి. నడిచే బండి అరుగుతుంది. ఆ అరుగుదల ముందు చప్పుడు చేసి మరీ వస్తుంది, మెకానిక్ చెవికి తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండిలో రబ్బరు, పెట్రోలు, బ్రేక్ ఆయిలు, వైర్లు అన్నీ ఒకేసారి పాడవుతూ ఉంటాయి, ఎవరికీ వినపడదు.

పోయిన మే నెలలో కాలిఫోర్నియా ఎడారిలో బార్‌స్టో దగ్గర్నుంచి టెక్సస్‌లో డాలస్ పక్కన ఉన్న మా ఇంటిదాకా ఒక 1976 జీఎంసీ మోటర్‌హోమ్‌ని నడుపుకుంటూ వచ్చాం, నేనూ మా బాబాయీ. సుమారు 1,300 మైళ్లు. అది దారిలో ఎక్కడెక్కడ మొరాయించిందో, ఎందుకు మొరాయించిందో చెప్తాను. నేను అనే మాటకి అదే సాక్ష్యం.

ముందు బండి గురించి. అమెరికాలో మోటర్‌హోమ్ అంటే చాలావరకు ఏదో ఒక ట్రక్కు చాసిస్ తీసుకుని దాని మీద ఇల్లు కట్టడమే. జనరల్ మోటార్స్ వాళ్లు 1973 నుంచి 1978 దాకా వేరే పని చేశారు. మొదటి గీత నుంచీ మోటర్‌హోమ్ కోసమే బండిని డిజైన్ చేశారు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారు ఇంజనూ గేర్‌బాక్సూ తెచ్చి, ముందు చక్రాలే లాగేలా పెట్టారు. వెనక్కి పోయే షాఫ్టు లేదు కాబట్టి నేల బాగా కిందికి దిగింది, రోడ్డు మీంచి సులువుగా లోపలికి అడుగుపెట్టొచ్చు. వెనక ఒక్కో వైపు రెండేసి చక్రాలు ఒకదాని వెనక ఒకటి, వాటి మధ్య కమాన్ కట్టల బదులు గాలి సంచులు. ఇంజను 455 క్యూబిక్ ఇంచుల వీ8, అంటే దాదాపు 7.5 లీటర్లు. మన అంబాసడర్ ఇంజన్లు ఐదు కలిపితే అంత. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందంటే ఆ రోజు మంచి రోజు. సుమారు 12,900 బండ్లు చేసి ఆపేశారు. ఆ వెడల్పాటి ముందు అద్దం వెనక కూర్చుని రోడ్డు చూస్తే ఆ బండి మీద ప్రేమ ఎందుకు పోదో అర్థమవుతుంది. ఈ బండ్లున్నవాళ్లు ఊరూరా తమ ఫోన్ నంబర్లతో ఒక జాబితా పెట్టుకున్నారు, దారిలో ఎవరి బండి ఆగినా దగ్గర్లో ఉన్నవాళ్లు సాయానికి వెళ్తారు. ఇంజన్ల గురించి నేను నేర్చుకున్నది సగం వాళ్ల దగ్గరే.

మేం కొన్న బండి ఒక ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ల దాకా కదలకుండా ఉంది. ఓనరు పోయాక ఆయన భార్య అమ్మకానికి పెట్టింది. మీటరు 41 వేల మైళ్లు చూపిస్తోంది. పెయింటు మీద గీత లేదు, లోపల సోఫాల మీద మరక లేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అవే చూసి మురిసిపోయారట. మా బాబాయి మాత్రం తిన్నగా వెళ్లి టైరు దగ్గర కూర్చున్నాడు.

ఈయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ల పైచిలుకు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. కూతురి దగ్గరికి డాలస్ వచ్చి, పొద్దంతా టీవీ ముందు కూర్చోలేక సతమతమవుతున్నాడు. బండి సంగతి చెప్పగానే "నేనూ వస్తా పదరా" అన్నాడు, ఎంత దూరమని కూడా అడగలేదు. అమెరికాలో 2000 సంవత్సరం నుంచి ప్రతి టైరు మీదా అది తయారైన వారమూ సంవత్సరమూ నాలుగంకెల్లో అచ్చువేసి ఉంటాయి. దీని టైర్ల మీద 2304 అనుంది. అంటే 2004లో 23వ వారం. గ్రిప్పు చూస్తే కొత్త టైరే. టార్చి వేసి పక్కల్ని నొక్కితే సన్నటి పగుళ్లు విచ్చుకుంటున్నాయి. టైరు రబ్బరులో పగుళ్లు రాకుండా కాపాడే మైనాలూ మందులూ కలిపి ఉంటాయి. టైరు దొర్లుతూ వంగి లేస్తుంటే అవి ఊరి పైకొస్తాయి. కదలని టైరుకి ఆ పూత అందదు. "ఇవి అరిగిన టైర్లు కాదు, ఎండిపోయిన టైర్లు. వీటి మీద ఊరు దాటకూడదు" అన్నాడు. ఆరు టైర్లూ మార్పించాకే కదిలాం.

బార్‌స్టోలో ఇంటర్‌స్టేట్ 40 హైవే మొదలవుతుంది. అక్కణ్ణుంచి నీడిల్స్ దాకా 140 మైళ్ల పైన మొహావీ ఎడారి, ఆగడానికి లడ్లో లాంటి చోట్లు ఏవో ఒకటి రెండు. లడ్లో రాకముందే ఇంజను దగ్గడం మొదలెట్టింది. మెల్లగా పోనిస్తే పోతోంది, యాక్సిలరేటర్ తొక్కితే పడిపోతోంది. ఎలాగో బంకు దాకా లాక్కొచ్చి నీడలో ఆపాం. ఈ బండిలో ఇంజను సీట్ల మధ్య నేల కింద ఉంటుంది. కార్పెట్ తీసి మూత లేపితే చాలు, ఎండలోకి వెళ్లక్కర్లేదు. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్‌లోకి పెట్రోలు వచ్చే మూతి దగ్గర పెద్ద నట్టు విప్పితే చిటికెన వేలంత ఫిల్టరు, దాని వెనక చిన్న స్ప్రింగు బయటికొస్తాయి. బాబాయి ఆ ఫిల్టరుని తెల్ల టిష్యూ మీద తట్టాడు. కాఫీ పొడి రంగులో తుక్కు రాలింది. వేళ్ల మధ్య నలిపి చూసి, వాసన చూసి, టిష్యూ మీదే మూడు కుప్పలు చేశాడు. గరుకుగా ఉన్నది ట్యాంకు తుప్పు. జిగురుగా అంటుకుంటున్నది పాత పెట్రోలు, కదలకుండా ఉన్న పెట్రోలు కొన్నాళ్లకి చిక్కబడి వార్నిష్ అయిపోతుంది. నల్లగా, పొరల్లా ఉన్నది రబ్బరు పైపు లోపలి గోడ. ఇక్కడి పెట్రోల్లో ఇప్పుడు మామూలుగా పది శాతం ఇథనాల్ ఉంటుంది, 1976లో ఆ పైపుల్ని దానికోసం చెయ్యలేదు.

అంటే ఇన్నేళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అంతా, కొత్త పెట్రోలు పోసి కుదిపేసరికి ఒక్కసారిగా లేచి వచ్చింది. పైపులు కనపడ్డంతవరకు అక్కడే మార్చాం. ఫిల్టర్లు ముందే ఒక డబ్బా నిండా తెచ్చుకున్నాం కాబట్టి నీడిల్స్ దాకా ఆగడం, మార్చడం, సాగడం. ఒక్కో ఫిల్టరూ అంతకు ముందుదానికంటే ఎక్కువ దూరం లాగింది. ఎండలో చెమటలు కక్కుతూ చేసిన పనే అయినా నాకు ఆ రోజు సంతోషం కలిగించిన సంగతి అదే. నడిచేకొద్దీ బండి శుభ్రపడుతోంది.

నీడిల్స్ కొలరాడో నది ఒడ్డున ఉంది, సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు. అరిజోనాలోకి దాటాక కింగ్‌మన్ వెయ్యి మీటర్లు, ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్లు. ఆ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటింది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గుక్కపట్టి, ఇంకో నాలుగు దగ్గులు దగ్గి ఆగింది. ఈసారి ఫిల్టరు శుభ్రంగానే ఉంది. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, వెనక ట్యాంకుల నుంచి వేడి ఇంజను పక్కగా పెట్రోలుని పీల్చుకోవాలి. ఆ వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని లాగలేదు. బాబాయి తుండుగుడ్డ నీళ్లలో తడిపి పంపు మీద వేసి, సీట్లో కూర్చుని సోడా తాగాడు. ఎండాకాలంలో అంబాసడర్ నడిపిన వాళ్లెవరికీ ఈ తడిగుడ్డ వైద్యం కొత్త కాదు. కాసేపటికి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. కింగ్‌మన్‌లో ఒక పార్ట్స్ షాపు పార్కింగ్‌లో వెనక ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు బిగించాం. పీల్చే పంపుకి బదులు తోసే పంపు, ఇక ఆ జబ్బు మళ్లీ రాలేదు.

కింగ్‌మన్ దాటి సెలిగ్‌మన్ వైపు పోతుంటే మళ్లీ ఆగింది. నేను తడిగుడ్డ కోసం వెతుకుతుంటే బాబాయి ఆపాడు. "ఇందాకటిది గుక్కపట్టి ఆగింది. ఇది స్విచ్చి ఆపినట్టు ఆగింది. వేరే రోగం." ఆ తేడా నాకు చెవిన పడలేదు, ఆయనకి పడింది. ఎయిర్ ఫిల్టరు తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో యాక్సిలరేటర్ లింకు లాగమన్నాడు. లాగితే రెండు సన్నటి ధారలు చిమ్మాయి. పెట్రోలు వస్తోంది. ఇక ఒక ప్లగ్గు విప్పి వైరుకి తగిలించి, ఇంజను మీద ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. కరెంటు లేదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే కింద అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ మాడ్యూల్. దాని వేడి కిందికి దిగిపోవడానికి పూసే తెల్ల గ్రీజు ఎండి పొడైపోయింది. వేడెక్కితే పని మానేస్తుంది, చల్లారితే ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ఈ బండ్లవాళ్లందరూ డాష్‌బోర్డులో ఒక మాడ్యూల్ అదనంగా పెట్టుకు తిరుగుతారు, మేమూ తెచ్చుకున్నాం. పాతది విప్పి, గ్రీజు పూసి, కొత్తది వేశాం.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఈ చివరి రెండు జబ్బులూ నిలబెట్టినందువల్ల వచ్చినవి కావు. ఒకటి పాత డిజైనుకీ కొత్త పెట్రోలుకీ పొసగక వచ్చింది, రెండోది వేడికి చచ్చిన మాడ్యూల్. కాకపోతే ఒకటి గమనించండి. ఇలాంటి బండిని క్రమం తప్పకుండా నడిపే వాళ్లలో చాలామంది ఎలక్ట్రిక్ పంపు ఎప్పుడో పెట్టేసుకున్నారు. బండి ఆగి ఇబ్బంది పెడితేనే మనిషి దాన్ని బాగుచేస్తాడు. ఆగడానికి అసలు కదలని బండిని ఎవరు బాగుచేస్తారు? ఊళ్లో తాళం వేసిన ఇల్లు మనుషులున్న ఇంటికంటే ముందు ఎందుకు కూలుతుంది? మనుషులుంటే గోడకి చెమ్మ కనపడ్డ రోజే తాపీ మేస్త్రీకి కబురు పోతుంది. బండికీ అంతే, డ్రైవరే దాని మొదటి మెకానిక్.

బ్రేకుల సంగతి వీటన్నిటికంటే భయపెట్టింది, తప్పంతా నిలబెట్టడానిదే. బంకులో ఆగినప్పుడల్లా బాబాయి నా చేతిలోని వేడి కొలిచే గన్ను తీసుకుని ఆరు చక్రాల హబ్బులకీ గురిపెట్టి అంకెలు చదివేవాడు. ఆటోనగర్‌లో చేత్తో తాకి చూసేవాడట, ఈ గన్ను మీద మోజు పడ్డాడు. న్యూ మెక్సికోలో గ్యాలప్ దగ్గర వెనక ఎడమ చక్రం ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా చూపించింది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తిరగనని బిగుసుకుంది. డ్రమ్ము లాగి చూస్తే చక్రం సిలిండర్‌లో పిస్టను ముందుకి పోయి వెనక్కి రావట్లేదు. బ్రేక్ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఆయిల్ మార్చకుండా ఏళ్లు గడిస్తే ఆ నీరు లోపల తుప్పు పట్టిస్తుంది. రబ్బరు టోపీ ఎత్తితే ఇటుక రంగు నీళ్లు కారాయి. 41 వేల మైళ్లు తిరిగిన సిలిండర్, లోపల చూస్తే గుంటలు గుంటలు. తాత్కాలికంగా శుభ్రం చేసుకుని, కుడి లేనులో మెల్లగా అల్బుకర్కీ చేరి, వెనక నాలుగు చక్రాలకీ కొత్త సిలిండర్లు వేయించి, ఆయిలంతా మార్పించాకే బయల్దేరాం. "బండి ఆగిపోతే తోసుకుపోవచ్చు. ఆపాలన్నప్పుడు ఆగకపోతే?" అని బాబాయి నా మొహం చూశాడు. అప్పటిదాకా నేను ఇంజను గురించే టెన్షన్ పడుతున్నాను.

అల్బుకర్కీ దాటాక కొండలెక్కి దిగి, శాంటా రోజా, టుకుమ్‌కారి, అమరిల్లో. అమరిల్లో నుంచి యూఎస్ 287 పట్టుకుని చిల్డ్రెస్, వెర్నన్, వికిటా ఫాల్స్ మీదుగా ఫోర్ట్‌వర్త్. ఈ భాగం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, బండి నడిచింది అంతే. మొదటి రాత్రి గేర్‌బాక్సు కింద పరిచిన అట్ట మీద పళ్లెమంత నూనె మరక పడింది. వికిటా ఫాల్స్‌లో అదే అట్ట తిరగేసి పరిస్తే పొద్దున రూపాయి బిళ్లంత. నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఎండిపోయినవి వేడి నూనె తగిలి మళ్లీ మెత్తబడ్డాయి. గేర్లు పడేటప్పుడు మొదట్లో వచ్చిన కుదుపు పోయింది. ఇంజను మొదటి రోజు కంటే తక్కువ పెట్రోలు తాగింది.

ఇన్నిసార్లు ఆగిన బండి కథ చెప్పి పాత బండ్లు మంచివంటావేంటని స్నేహితులు అడిగారు. మంచివనట్లేదు. కొత్త బండైనా నిలబెడితే ఇదే గతి అంటున్నాను. ఇక్కడ మా ఊరి చుట్టూ స్టోరేజీ లాట్లలో లక్షల రూపాయల విలువైన కొత్త మోటర్‌హోమ్‌లు వరసగా నిలబడి ఉంటాయి, నెలనెలా అద్దె కట్టి మరీ నిలబెడతారు. వాటి టైర్లు కూడా ఎండలో పగులుతూనే ఉన్నాయి, బ్యాటరీలు చస్తూనే ఉన్నాయి. ఏళ్ల లెక్క బండి ఆరోగ్యాన్ని సగమే చెప్తుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న నిబంధనని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ ఊరి గాలి సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి పొగ గురించి వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోను. నా 7.5 లీటర్ల ఇంజనుకి ఏ నగరం నడిబొడ్డులోనూ చోటు ఉండకూడదనే అంటాను. కానీ పుట్టినరోజు చూసి బండిని తేల్చేకంటే, బండిని పరీక్షించి తేల్చడం న్యాయం. మన దగ్గర పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ చూసి రిజిస్ట్రేషన్ పొడిగించే పద్ధతి ఉంది. ఆ పరీక్ష నిజంగా బ్రేకులు చూసి, పొగ కొలిచి చేస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇంకో మాట కూడా. ఇండియా పెట్రోల్లో ఇథనాల్ ఇప్పుడు 20 శాతానికి చేరింది. ఇంట్లో పాత స్కూటరో కారో ఉన్నవాళ్లు ముందు రబ్బరు పైపులు మార్పించండి, ట్యాంకులో పెట్రోలు పోసి నెలల తరబడి వదిలెయ్యకండి. కదల్చకుండా అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకి ఆపెయ్యడం ఇంకా చెడు చేస్తుంది. ఇంజను సరిగా వేడెక్కదు, ఆయిల్లో చేరిన తేమ ఆవిరవదు. అరగంట సేపైనా రోడ్డు మీద నడపాలి.

ఇదంతా రాయడానికి అసలు కారణం తెనాలిలో ఉంది. మా తాతగారి అంబాసడర్, మార్క్ 3, పెరట్లో షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. తాతగారు పోయాక దాన్ని ఎవరూ నడపలేదు. ఏటా దసరాకి టార్పాలిన్ తీసి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. బండి వాటిని తొక్కుకుంటూ కదలాలి కదా, నలుగురు వెనక చేరి నాలుగడుగులు నెడతారు. నిమ్మకాయలు నలుగుతాయి, మళ్లీ వెనక్కి నెట్టి టార్పాలిన్ కప్పేస్తారు. ఊళ్లో పెళ్లిళ్లకి పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన రెండు మూడుసార్లు వచ్చి అడిగాడు. ఇంజను బాగుచేయించుకుంటాను, సీజన్లో తిప్పుకుంటాను, మీకు కావాల్సినప్పుడు మీ ఇంట్లో శుభకార్యానికి తెస్తానన్నాడు. మా పిన్నికి ఇష్టమే. ఒప్పుకోనిది బాబాయి. "నాన్న కూర్చున్న సీట్లో ఎవడో కూర్చుని హారన్ కొడతాడా?" అంటాడు.

ఎవరి టైరు పగులు చూసైనా వయసు చెప్పగల మనిషి, సొంత నాన్న బండి టైర్లు ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. టుకుమ్‌కారిలో భోంచేస్తూ అదే అడిగాను. బ్రేక్ సిలిండర్లో చూసిన ఇటుక రంగు నీళ్లు తెనాలిలో నాలుగు చక్రాల్లోనూ ఉంటాయి కదా బాబాయ్ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు తిండి తిను" అన్నాడు.

తాతగారు ఆ కారుని చూసుకోవడానికి కొనలేదు. గుంటూరు కోర్టుకి వెళ్లడానికి, చెల్లెలి కూతుళ్ల పెళ్లిళ్లకి సామాను చేరవెయ్యడానికి, ఎవరికి నొప్పులొచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కొన్నాడు. ఆ వీధిలో ఆ కారులో ఎక్కనివాళ్లు లేరు. ఎవడో పెళ్లికొడుకు అందులో కూర్చుని ఊరేగితే తాతగారికి ఏ అవమానమూ జరగదు. టార్పాలిన్ కింద ఎలుకలు వైర్లు కొరుకుతుంటే జరుగుతోంది. ఆ కారు ఆయన్ని గుర్తుచేసేది నడిచినప్పుడే, ఆ ఇంజను మోతలో, రెండో గేరు వేసేటప్పుడు వచ్చే ఆ కీచులో. ఆ చప్పుడు మా తరంవాళ్లు విన్నారు. మా పిల్లలు వినలేదు.

బాబాయి జులైలో విజయవాడ వెళ్లిపోయాడు. పోయిన వారం పిన్ని ఫోన్ చేసింది. ఆయన తెనాలి వెళ్లి అంబాసడర్ ట్యాంకు దింపించాడట, చక్రాల సిలిండర్లు నాలుగూ విప్పి ఆటోనగర్ తెచ్చాడట. పెళ్లి కార్లాయనకి ఇచ్చే సంగతి ఎత్తితే మాత్రం ఇంకా లేచి వెళ్లిపోతున్నాడట. సంక్రాంతికి నేను వెళ్తున్నాను. అప్పటికి ఆ కారు నడిచే స్థితికి వస్తే, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పెళ్లి కార్లాయన ఇంటికే తీసుకెళ్తాను.